కౌలు పనిముట్లు, సొంత పనిముట్లు

కౌలుదారునకును హక్కుదారునకును గల భేదము మీకు చెప్పనక్కరలేదు. మన పిల్లలు చదువుకొను కంప్యూటరు పనిముట్లలో గూడ నిట్టి భేదమే కలదు. మా మైలవరమున 1998వ సంవత్సరమున ఇంజనీరింగు కళాశాల వెలసినది మొదలు, ఇది మా యిండ్లలోని మాట యైనది.

కంప్యూటరునకు తెలిసినవి అంకెలు మాత్రమే. విద్యార్థి వ్రాసిన సూచనలను ఆ అంకెలలోనికి మార్చు ప్రోగ్రామునకు కంపైలరని పేరు. కుంఫిణీ కాలపు దుబాసి వంటి దది.

యూనిక్సు పద్ధతిని నడచు ప్రయోగశాలలలో దీనిని ప్రతి యంత్రమునందు వేరుగా నుంచ నక్కరలేదు. నిర్వాహకుడు ఒక పెద్ద యంత్రమున నొకసారి స్థాపించును. తక్కిన యంత్రములు తీగల ద్వారా దాని నందుకొనును. వెల యిచ్చి తెచ్చిన పనిముట్టైనచో దానికి అనుమతి పత్రము కూడ నుండును. అది తరచుగా ఫలానా యంత్రపు గుర్తు సంఖ్యకే, ఫలానా తేదీ వరకే చెల్లును. ఏకకాలమున నెందరు వాడుచున్నారో కాపలా ప్రోగ్రామొకటి లెక్కించును. ఇరువదిమందికి అనుమతి యున్నచో ఇరువదియొకటవ వాడు వేచియుండవలసినదే.

నే నెరిగిన బాలు డొకడు దూరపు విద్యాలయమున రెండేండ్లు శ్రమించి యొక లెక్కల ప్రోగ్రాము వ్రాసెను. చదువు ముగించి యింటికి రాగా నది నడువదాయెను. దానికి వలసిన కంపైలరు పత్రము విద్యాలయమునది గాని వానిది కాదు. "ఫీజు కట్టితిమి గదా!" యని వాని తండ్రి నన్నడిగెను. నాకు వెంటనే సమాధానము తోచలేదు.

ఈ చిక్కు క్రొత్తది కాదు. 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ మొదలగువారు యూనిక్సును ప్రారంభించిరి. ఆ టెలిఫోను కంపెనీ యితర వ్యాపారములు చేయరాదని 1956 నాటి న్యాయస్థానపు కట్టుబా టుండుటచే, విశ్వవిద్యాలయములకు స్వల్ప రుసుమునకే మూలముతోగూడ నిచ్చిరి. విద్యార్థులు దానిని చదివి బాగుచేసిరి. కాని 1979 నాటి యేడవ కూర్పు పత్రములో, మూలమును తరగతిలో బోధింపరాదను నిబంధన చేరినది. పుస్తక మిచ్చి, చదువవలదనుట వంటి దది.

దానికి విరుగుడు కూడ వచ్చినది. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ప్రయత్నమును ప్రకటించెను; 1987లో వారి కంపైలరు వెలువడెను. 1991లో ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లినక్సును లోకమున కిచ్చెను. వీనిని ఎవరైనను ఇంటికి గొనిపోవచ్చును, మూలము చదువవచ్చును, పొరుగువానికి పంచవచ్చును; గడువు లేదు.

వెల గల పనిముట్లు వలదని నా మాట కాదు. కొన్ని పనులకు అవి కావలసినవే. అయితే పిల్లవానిని చేర్చునపుడు మీరు రెండు ప్రశ్న లడుగుడు: "వీడు నేర్చు పనిముట్లలో వేనికి గడువు గలదు? చదువు ముగిసిన పిదప ఇంటివద్ద నడచునవి యేవి?" ఆ తండ్రికి నేనానాడు చెప్పలేకపోయిన సమాధానము ఇదియే.