ముసలి తల్లిదండ్రులు – విమానాశ్రయంలో సోదా
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ వేదిక మీద చదువుల గురించి, స్కాలర్‌షిప్పుల గురించి, పెళ్ళిఖర్చుల గురించి ప్రతి యేటా మాట్లాడుకుంటూనే ఉన్నాం. ఈసారి మేము చిన్న విషయం ఒకటి ఎత్తుకున్నాం. అది జరిగేది పది నిమిషాలే. కాని ఆ పది నిమిషాల్లో ఇంటి పెద్దల మర్యాద నిలబడనూ వచ్చు, పోనూ వచ్చు.

ఇవాళ మనలో ఏ ఇంటికి వెళ్ళినా ఒకరో ఇద్దరో పిల్లలు బయటి దేశాల్లో ఉన్నారు. అమ్మను, అబ్బాను ఉమ్రాకు తీసుకువెళ్ళాలని, మనవళ్ళను చూపించాలని వాళ్ళకు కోరిక. సంతోషమే. అయితే జన్మలో రైలు, బస్సు తప్ప ఎరుగని ఆ పెద్దలు ఒక్కసారిగా శంషాబాద్‌లో వరుసలో నిలబడవలసి వస్తున్నది. చెప్పులు విప్పమంటారు, చేతులు చాపమంటారు, ఒంటిమీద చెయ్యి వేస్తారు. ఎవరూ ముందుగా చెప్పకపోతే, "నేనేం దొంగతనం చేశాను?" అని వాళ్ళ మనసు చివుక్కుమంటుంది.

కాబట్టి మొదట మనం వాళ్ళకు చెప్పవలసింది ఈ సోదా ఎందుకనేది. 1985 జూన్ 23న కనిష్క విమానం సముద్రం మీద పేలి 329 మంది పోయారు. ఆ బాంబు ఉన్న పెట్టె ఎక్కింది గాని, పెట్టె తాలూకు మనిషి విమానం ఎక్కనే లేదు. 1999 డిసెంబరులో మన విమానాన్ని కాందహార్‌కు ఎత్తుకుపోయారు. ఆ మరుసటి యేడు నుంచే మన విమానాశ్రయాల కాపలా సి.ఐ.ఎస్.ఎఫ్. చేతికి రావడం మొదలైంది. 2006 ఆగస్టులో పానీయాల సీసాలతో విమానాలు పేల్చాలన్న కుట్ర లండన్‌లో పట్టుబడింది. విదేశీ ప్రయాణంలో చేతిసంచిలో 100 మిల్లీలీటర్లకు మించిన సీసా వద్దనే నియమం అప్పటి నుంచే వచ్చింది. ఇలా విడమరచి చెబితే పెద్దలకు అర్థం కాదనుకోవద్దు. మనకంటే లోకం ఎక్కువ చూసినవాళ్ళు వాళ్ళు.

ఇక మేము కళ్ళారా చూసిన సంగతి ఒకటి. ఒక విమానాశ్రయంలో మా ముందు ఒక ముసలాయన ఉన్నాడు. ప్యాంటు నడుముకు వదులు, బెల్టు విప్పించారు. ఒక చేత్తో ప్యాంటు పట్టుకున్నాడు. రెండు చేతులూ ఎత్తమన్నారు. వినికిడి యంత్రం ట్రేలో పోయింది, ఆయనకు మాట వినబడదు. వెనకనుంచి కొడుకు అందరి ముందూ, "చేతులెత్తు అబ్బా! ఎన్నిసార్లు చెప్పాలి!" అని కేక వేశాడు. ఆ పెద్దాయన కళ్ళు దించుకున్నాడు. సోదా చేసే కుర్రవాడు మాత్రం మెల్లిగానే మాట్లాడాడు. ఆ ముసలాయన మనసు నొచ్చుకున్నది కొడుకు కేకకే.

ఇలా జరగకుండా ఉండాలంటే ఇంట్లోనే చేసుకోవలసిన పనులు కొన్ని ఉన్నాయి.

మొదటిది బట్టలు. నాడా ఉన్న పైజామా మేలు, బెల్టు జంజాటం ఉండదు. సులువుగా విప్పి తొడుక్కునే చెప్పులు చాలు. ఇహ్రామ్ కట్టుకుని బయలుదేరేవాళ్ళు లోహపు బకిల్ లేని నడుము పట్టీ చూసుకోవాలి.

రెండవది పెట్టె సర్దడం. "ఈ సామాను మీరే సర్దుకున్నారా?" అని అడగవచ్చు. మన అమ్మలు నిజం చెబుతారు: "లేదు బాబూ, కోడలు సర్దింది!" కాబట్టి వాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని, ఒక్కొక్కటీ చూపించి సర్దండి. పాన్‌దాన్ తీసుకువెళ్తే అందులోని అడకత్తెర చేతిసంచిలో పెట్టనివ్వకండి. చాకు, పెద్ద కత్తెర కూడా అంతే. పక్కింటివాళ్ళు, "మా అబ్బాయికి ఇవ్వండి" అని కుట్టి ఇచ్చే పొట్లం మాత్రం, ఎంత దగ్గరివాళ్ళయినా, విప్పి చూడనిదే తీసుకోవద్దు. మన వంటింటి గసగసాలు ఎమిరేట్సులో, సౌదీలో మత్తుపదార్థాల కింద లెక్క. మొహమాటానికి పోతే కేసు ముసలితల్లి మీద పడుతుంది.

మూడవది మందులు. ఇన్సులిన్ చేతిసంచిలోనే ఉండాలి, విమానం అడుగున వేసే పెట్టెలో గడ్డకట్టి పాడయ్యే ప్రమాదం ఉంది. డాక్టరు చీటీ, మందుల అసలు అట్టలు వెంట ఉండాలి. కొన్ని నొప్పి మాత్రలకూ నిద్రమాత్రలకూ గల్ఫ్ దేశాల్లో కట్టుబాట్లున్నాయి, ముందే విచారించుకోవాలి. గుండెలో పేస్‌మేకర్ ఉంటే దాని కార్డు చూపి, చేత్తో సోదా చేయమని అడగవచ్చు. చేతి యంత్రాన్ని దాని మీద ఎక్కువసేపు ఉంచకూడదు. మోకాలి చిప్ప మార్పించుకున్నవాళ్ళకు యంత్రం కూస్తుంది, అది మామూలే.

నాలుగవది కుర్చీ. చక్రాల కుర్చీ కావాలని టిక్కెట్టు తీసుకునేటప్పుడే, కనీసం 48 గంటల ముందు, చెప్పాలి. "నాకేం, నడుస్తాను" అని పెద్దలు పౌరుషానికి పోతారు. 2024 ఫిబ్రవరిలో ముంబయిలో విమానం దిగిన ఒక వృద్ధ జంటకు ఒక్క కుర్చీయే దొరికింది. భార్యను కూర్చోబెట్టి, 80 ఏళ్ళ భర్త పక్కన నడిచాడు. కొంతదూరం పోయాక కుప్పకూలి చనిపోయాడు. ఆ విమానసంస్థకు 30 లక్షల రూపాయల జరిమానా పడింది. కాని ఆ మనిషి తిరిగి రాడు కదా! ఇద్దరుంటే రెండు కుర్చీలు అడగండి, రెండూ వచ్చేదాకా కదలకండి.

ఆడవాళ్ళ విషయం. మన దేశంలో స్త్రీలను స్త్రీలే, తెర చాటున సోదా చేస్తారు. నఖాబ్ వేసుకునేవారు ముఖం చూపవలసి వస్తుంది. మహిళా అధికారి కావాలని నెమ్మదిగా అడగవచ్చు. ఉమ్రాకు బయలుదేరే ముందురోజు మా కోడలు మా అమ్మగారికి ఇదంతా చెప్పి, హాలులో నిలబెట్టి, చేతులు చాపించి నవ్వుతూ చూపించింది. తీరా అక్కడ తెర లోపలికి వెళ్ళాక అమ్మ తానే, "బేటీ, ఈ మోకాల్లో ఇనుము ఉంది, అక్కడ కూస్తుంది" అని చెప్పిందట. ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని బయటికి తెచ్చి, "మీ అమ్మగారికి అన్నీ తెలుసు సార్" అన్నది. ఆ మాటకు అమ్మ ముఖంలో వచ్చిన వెలుగు మేము చూశాం.

కాబట్టి కార్యవర్గం వారికి మా మనవి ఒకటే. ప్రయాణాల కాలం రాకముందే ఒక సాయంత్రం పెద్దలందరినీ ఈ హాలుకు పిలిపించండి. వెళ్ళివచ్చిన యువకులూ, యువతులూ వాళ్ళకు అన్నీ చేసి చూపించాలి. దానికి ఖర్చేమీ లేదు, చాయ్ నీళ్ళు తప్ప. అక్కడికి వెళ్ళాక అధికారి ఏదైనా అడిగితే, జవాబు పెద్దవాళ్ళనే చెప్పనిద్దాం. అవసరమైతేనే మనం అందుకుందాం. మూడు గంటల ముందు చేరితే కేకలు వేసే అవసరమే రాదు. చిన్నప్పుడు మన చెయ్యి పట్టుకుని జాతరలో తప్పిపోకుండా నడిపించినవాళ్ళు వాళ్ళు, అప్పుడు మనల్ని తొందరపెట్టలేదు.