‘సహకరించడం లేదు’ అని రాసేముందు



మేము షోలాపూర్‌లో మూడు తరాలుగా మగ్గాన్ని నమ్ముకొని బతికినోళ్లం. మా నాయనకు తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయింది. మర్నాడు నడిపించడానికి వస్తే ఆయన మంచం పట్టె వదల్లేదు, అడిగినదానికి పలకలేదు. ‘పేషెంటు సహకరించడం లేదు’ అని కాగితంలో రాశారు. మేము కూడా “మొండికేయకు నాయనా” అని కసిరినాం. ఆ మాట ఇప్పటికీ మమ్మల్ని బాధపెడుతుంది.

పవర్‌లూమ్ మోతలో ఏళ్ల తరబడి పనిచేసిన చెవులవి, మెల్లగా అడిగితే వినపడదు. మరాఠీ బజారుకు సరిపడా వచ్చు. కానీ సలుపు, పోటు, మంట, తిమ్మిరి వీటి తేడా తెలుగులోనే చెప్పగలడు. చెవి దగ్గర అడిగితే “కాలు కదిపితే పొడిచినట్టుంది బిడ్డా” అన్నాడు. సిస్టర్‌కు చెప్పినాం. డాక్టరు నొప్పి మందు ముందుగా ఇప్పించి, కాసేపాగి లేపించారు. నాలుగడుగులు వేశాడు.

నొప్పిపై పరిశోధించే అంతర్జాతీయ సంఘం 2020లో సవరించిన నిర్వచనంలోనూ ఇదే ఉంది: నొప్పి ఉందన్న మనిషి మాటను గౌరవించాలి, చెప్పలేకపోతే నొప్పి లేనట్టు కాదు.

అందుకే మన ఇళ్లవాళ్లకు మనవి. వినికిడి, భాష సంగతి చేరిన రోజే చెప్పండి. నొప్పి 0 నుంచి 10లో ఎంతో వేళ్లతో చూపించమనండి. నడిపించే ముందు మందు ఇచ్చారా అని అడగండి. మందు ఇచ్చినా నొప్పి పెరుగుతుంటే డాక్టరును పిలిపించండి. ‘సహకరించడం లేదు’ అని రాస్తే, కారణం కూడా రాయమని మర్యాదగా కోరండి.

పోగు తెగితే మనం పోగును తిట్టం. మగ్గం ఆపి, ఎక్కడ తెగిందో చూస్తాం. మనిషి దగ్గరా ఆ ఓపికే కావాలి.