సౌందర్యశాలకు పోవువారి మర్యాద

సుచిత్ర కూడలినుండి కొంపల్లి మీదుగా మేడ్చలుకు పోవు రహదారి కిరువైపుల నేడు క్షౌరశాలలును, బ్యూటీ పార్లరులును అనేకములు వెలసియున్నవి. ఉద్యోగవిరమణానంతరము నేను ఈ ప్రాంతముననే కాపురమున్నాను. నేనును, మా యింటి స్త్రీలును వీనికి పోవుచునే యున్నాము. గుడిలోను, బడిలోను, పెండ్లింటను ఎట్లు మెలగవలెనో పెద్దలు మనకు నేర్పిరి. ఈ శాలల మర్యాదను మాత్రము నేర్పినవారు లేరు. కావున దానిని గూర్చి నాలుగు మాటలు మనవి చేసికొందును.

ఈ వృత్తి క్రొత్తది కాదు. విరాటుని నగరమున ద్రౌపది సైరంధ్రియై సుదేష్ణాదేవికి తల దువ్వి, దండలు గట్టి, మైపూతలు కూర్చిన కథ మీరందరు నెఱిగినదే. కొలువున కుదురునప్పుడే ఆమె తాను ఎంగిలి ముట్టననియు, ఒరుల కాళ్లు కడుగననియు నియమము చెప్పెను; రాణి దాని కంగీకరించెను. పనిచేయువారికి మానము కలదు, చేయించుకొనువారు దానిని మన్నింపవలెను. హద్దుమీఱిన కీచకుని గతి యేమయ్యెనో వేఱుగ చెప్పనక్కఱలేదు. కనుక పార్లరులో పనిచేయు పడుచును ‘ఏమే’ యని కేకవేయుటయు, వెకిలిమాట లాడుటయు, క్షురకుని కులమెత్తి హేళన చేయుటయు సభ్యులకు తగదు. ‘అమ్మా’, ‘అన్నా’ యని పిలిచినచో మన పెద్దఱికమునకు లోటు రాదు.

ఇక వేళ సంగతి. పూర్వము పల్లెలలో క్షురకునికి పంటలు చేతికి వచ్చినప్పుడు ఏడాదికింత యని ధాన్యము కొలుచు వాడుక యుండెడిది. నేడు ఆ యేర్పాటు లేదు. గంటగంటకు వచ్చు కూలితోనే యింటి యద్దెయు, పిల్లల చదువును గడువవలెను. నాలుగుగంటలకు వత్తునని చెప్పి అయిదున్నరకు పోయినను, అసలే పోకున్నను, ఆ వేళ వారికి తిరిగిరాదు. రాలేకపోయినచో ముందుగా ఫోనులో తెలుపవలెను. ధర మొదటనే యడిగి తెలిసికొనవలెను. పని ముగిసినపిమ్మట బేరమాడుట న్యాయము కాదు.

అన్నిటికంటె ముఖ్యమైనది, చెప్పవలసినదానిని దాచకుండుట. తలలో పేలున్నను, చర్మమున అంటువ్యాధి యున్నను ఆ దినము పోరాదు. అవే దువ్వెనలు, అవే తువాళ్లు మఱియొకరిని తాకవచ్చును గదా! మొగమునకు రెటినాయిడు లేపనము వాడుచున్నవారు ఆ మాట ముందే చెప్పవలెను. అట్టి చర్మముపై వాక్సింగు చేసినచో పైపొర యూడివచ్చును. తలరంగులలో పెక్కింట పారాఫినైలిన్ డయామైన్ అను ద్రవ్యము కలదు. అది కొందఱకు పడదు. మొగము వాచును, దద్దురులు లేచును. రంగు వేయుటకు రెండు దినములు ముందుగా మోచేతి మడతలో చుక్క పూసి పరీక్షింతుమని వారనినచో విసుగుకొనరాదు. పూర్వ మెన్నడైన పడకపోయియున్నచో మనమే చెప్పవలెను.

మనలో కొందఱకు, ముఖ్యముగా స్త్రీలకు, నొప్పి కలిగినను నోరుమెదపకుండుటయే మర్యాద యను తలంపు కలదు. ఇది ప్రమాదకరము. తల స్నానము చేయించుటకు మెడను నీటితొట్టి యంచుపై వెనుకకు వాల్చి యుంచుదురు. మెడ మిక్కిలి వంగి చాలసేపు అట్లే యున్నచో, మెదడు వెనుకభాగమునకు రక్తము కొనిపోవు నాళము నొక్కుకొనిపోవుటగాని, చిట్లుటగాని తటస్థింపవచ్చును. 1993లో అమెరికాలో వైన్‌ట్రాబ్ అను వైద్యుడు ఇట్లు అస్వస్థులైన అయిదుగురు స్త్రీలను గూర్చి వైద్యపత్రికలో ప్రకటించెను. 2022లో మన హైదరాబాదులోనే యాబదేండ్ల స్త్రీ యొకతెకు పార్లరులో తల కడుగుచుండగా కన్నులు తిరిగి వాంతులయ్యెను. చిన్నమెదడులో రక్తప్రసారము నిలిచినదని తరువాత తేలెను. ఇది మిక్కిలి అరుదు. భయపడి మానుకొనవలసినది కాదు. అయినను మెడక్రింద తువాలు మడిచి పెట్టుమని అడుగుడు. నొప్పిగాని, కన్నులు తిరుగుటగాని తోచినచో వెంటనే ఆపుమని చెప్పి లేచి కూర్చుండుడు. తగ్గకున్నచో ఆలసింపక ఆసుపత్రికి పొండు. అట్లు చెప్పుట అమర్యాద యని యెవరును అనుకొనరు. నిపుణులైన పనివారు అడిగినందుకు సంతోషింతురు.

పని నచ్చనిచో కుర్చీలో నున్నప్పుడే మెల్లగ చెప్పినచో సరిదిద్దుటకు వీలుండును. నలుగురిలో కేకలువేసి, పనిపిల్ల కన్నీరు పెట్టుకొనునట్లు చేసినంతమాత్రమున కత్తిరించిన జుట్టు మరల రాదు. కత్తెరయు, మంగలికత్తియు మన చెవికడ నాడుచుండగా ఫోనులో తల యూపుచు మాటలాడుటయు మంచిది కాదు.

శ్రోతలారా! మన తలను, మొగమును నమ్మి యొకరి చేతుల కప్పగించుచున్నాము. వేళకు పోవుట, నిజము చెప్పుట, మన్ననగా పలుకుట, చెప్పిన సొమ్ము చెల్లించుట: ఇవి పాటించినచో మన దేహమునకు క్షేమము, వారి శ్రమకు గౌరవము. రేపు మీరు పోవునప్పుడు ఇందులో నొక్కటియైన జ్ఞాపకముంచుకొందురని నమ్మి సెలవు తీసికొనుచున్నాను.