మేడమీద నుంచి చుక్కల ఫొటోలు



ఇందాక పంచాంగశ్రవణంలో కృత్తిక, మృగశిర అని విన్నాం. ఈ బెంగుళూరులో పుట్టిన మన పిల్లలకు అవి పేర్లే గాని చుక్కలు కావు. ఊరి దీపాల వెలుతురు ఆకాశాన్ని కప్పివేసింది. అందుకే మేము కొందరం మేడమీద టెలిస్కోపుకు కెమేరా తగిలించి ఫొటోలు తీయబూనుకున్నాం. ఆ వెలుతురును వడగట్టే ఫిల్టరు ఏది కొనాలో, డబ్బు పోగొట్టుకొని నేర్చుకున్న సంగతి మనవి చేస్తాం.

వెనుకటి సోడియం దీపాల పసుపు వెలుగు చాలావరకు 589 నానోమీటర్ల దాపునే ఉండేది. దాన్ని ఆపితే ఆకాశం నల్లబడేది. మేము మొదట కొన్నది ఆ రకం. ఇప్పటి ఎల్.ఇ.డి. దీపాల్లో నీలం మొదలు ఎరుపు దాకా అన్ని రంగులూ ఉన్నాయి. వాటిముందు అది అంతగా పనిచేయలేదు.

తరువాత తెచ్చిన ఇరుకు పట్టీల ఫిల్టరు హైడ్రోజన్ ఎరుపుకు 656 వద్ద, ఆక్సిజన్ ఆకుపచ్చకు 501 వద్ద మాత్రమే దారి ఇస్తుంది. ఓరియన్ నీహారిక ముఖ్యంగా ఆ రంగుల్లోనే వెలుగుతుంది గనుక చక్కగా వచ్చింది. కృత్తికలకూ, ఆండ్రొమెడా గెలాక్సీకీ పెడితే ఉన్న వెలుగూ పోయింది. వాటిదీ అన్ని రంగుల వెలుగే! వాటికి ఫిల్టరు తీసి, ఊరు దాటి పోవడమే మేలు.

కనుక కొనేముందు రెండే ప్రశ్నలు: మన వీధిలో ఏ దీపం? మనం తీయబోయేది ఏ వస్తువు?

ఖర్చులేని ఫిల్టరు ఇంకొకటుంది. మన మేడమీది దీపానికి పైన రేకు కప్పి, వెలుగు నేలకే పడేట్టు చేద్దాం. నిన్ననే అమావాస్య వెళ్లింది. ఈ రాత్రి వెన్నెల బాధ లేదు. మృగశిర పడమటి వైపు ఉంటుంది. పిల్లల్ని మేడెక్కించండి.