అంకెల్లో వినిపించే గొంతు

సెల్ టవర్లు మూగబోయినా దాచేపల్లి నుంచి హైదరాబాదుతో మాట్లాడే దారి ఒకటుంది: హామ్ రేడియో, అంటే అభిరుచితో నడిపే అమెచ్యూర్ రేడియో. 20 మీటర్ల తీగ ఏంటెనా కడితే, 7 మెగాహెర్ట్జ్ తరంగాలు పగటిపూట పై వాతావరణంలోని అయనోస్ఫియర్ పొర దాకా వెళ్లి తిరిగి నేలకు దిగుతాయి.

పాత సెట్లలో గొంతుల్ని విడదీసే పని కాయిళ్లది, క్రిస్టల్ ఫిల్టర్లది. ఇప్పుడది సాఫ్ట్‌వేర్‌ది. 2016లో వచ్చిన ఐకామ్ ఐసీ-7300 అనే సెట్ ఏంటెనా సంకేతాన్ని నేరుగా అంకెలుగా మార్చి, కావలసిన గొంతును జల్లెడ పట్టి ఇస్తుంది. బ్యాండులో ఎవరు ఎక్కడున్నారో తెరమీద కనిపిస్తుంది. గరగర శబ్దాన్నీ చాలావరకు తగ్గించుకోవచ్చు.

ప్రసారానికి మాత్రం పరీక్ష రాసి కేంద్రప్రభుత్వ లైసెన్సు తీసుకోవాలి. హైదరాబాదులో 1983 నుంచి ఉన్న జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ ఇందుకు శిక్షణనిస్తోంది. 2004 సునామీ వేళ పోర్ట్ బ్లెయిర్ నుంచి సందేశాలు చేరవేసింది ఈ సంస్థ బృందమే. ఆసక్తి ఉన్న విద్యార్థులు ముందు వినడంతో మొదలుపెట్టండి.