తీసెయ్యలేకపోతే ఆపెయ్యండి



ఫోనుతోనే వచ్చిన బ్రౌజరు మనం కోరుకున్నది కాదు. విండోస్‌కు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌ను జతచేశారని అమెరికా ప్రభుత్వం 1998లోనే కోర్టుకెక్కింది. ఐరోపా సమాఖ్య చట్టం వల్ల 2024లో అక్కడివారికి ఎడ్జ్‌నూ సఫారీనీ తీసెయ్యగల వీలు దొరికింది. ఆ చట్టం మనకు వర్తించదు.

చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో సెట్టింగ్స్‌లో యాప్స్‌కు వెళ్ళి, క్రోమ్ తెరిచి, డిసేబుల్ నొక్కితే అది కనబడదు. ఎనేబుల్ నొక్కితే తిరిగొస్తుంది. ఐఫోనులో స్క్రీన్ టైమ్ ద్వారా సఫారీని దాచవచ్చు.

నేను చెప్పేది ఒక్కటే. ముందు మరో బ్రౌజరు పెట్టుకోండి, పాతదానిలో దాచిన పాస్‌వర్డులు అందులోకి మార్చుకోండి, ఆ తర్వాతే పాతదాన్ని ఆపండి. లేకుంటే పెన్షను ఖాతా తెరవాల్సిన రోజున ఇబ్బంది పడతాం. ఫోను మనది, ఎంపికా మనదే కావాలి.