కాలువ తలకడ జల్లెడ

గ్రామపెద్దలారా,

మధురవాడకు ఈశాన్యమున, అనంతగిరి కొండలనుండి దిగివచ్చు గోస్తని భీమునిపట్టణముకడ సముద్రమున గలియుచున్నది. ఏరు పొలమునకు నీరిచ్చుటయే కాదు, చేపకు త్రోవయు నిచ్చును. ఆ రెండవదానిని మనము మరచుచున్నాము.

గోదావరిని చూడుడు. సముద్రపు విలస వరదకాలమున గ్రుడ్లు పెట్టుటకై ఏటి కెదురీది పులస యగును. పుస్తెలమ్మియైనను దానిని తినవలెనని సామెత. 1852లో ధవళేశ్వరపు ఆనకట్ట పూర్తికాగా లక్షల యెకరములు పండినవి. కాని పులస త్రోవకు అడ్డు కలిగినది. ఆనకట్టలవలన చేపలకు గలుగు హానినిగూర్చి ఫ్రాన్సిస్ డే 1873లోనే ప్రభుత్వమునకు నివేదించెను.

క్రిందికి దిగు పిల్లలకు వేరొక యాపద కలదు. అవి నీటివెంట కాలువలో జొచ్చి, కాలువ కట్టినపుడు గుంటలలో చిక్కి చచ్చును. అమెరికా పశ్చిమ రాష్ట్రములలో కాలువ తలకడ జల్లెడ నమర్చి, ప్రక్కదారిని పిల్లలను మరల నదికి పంపుచున్నారు. జల్లెడ ప్రవాహమునకు ఏటవాలుగను, కంతలు పిల్లకంటె సన్నముగను, వైశాల్యము పెద్దదిగను ఉండవలయును. లేనిచో నీటి యీడ్పునకు పిల్లలు దాని కంటుకొని చచ్చును. చెత్తను దినదినము తీయకున్న రైతుకే నీరు తగ్గును. కావున జల్లెడకు కాపలా ముఖ్యము.

ఈసారి కాలువ కట్టిన మరునాడు మీ యూరి గుంటలలో నెన్ని పిల్లలు చిక్కినవో లెక్కింపుడు. ఆ లెక్కతో నీటిపారుదలశాఖవారిని జల్లెడ యడుగుడు.